నీ టీమ్ ఏంటి అంటే నీ మతం ఏంటి అని: గ్లాస్గో చెప్పే ఫుట్‌బాల్ కథ

ఈరోజు ఎపిసోడ్ ఫుట్‌బాల్ గురించే, కానీ స్కోర్లు, ట్రాన్స్‌ఫర్‌ల గురించి కాదు. ఒక ఊళ్లో రెండు క్లబ్బులు రెండు మతాలుగా ఎలా మారాయి, మారాక ఏమైంది అనే హిస్టరీ. దానికి ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకపోతే ఈ ఎపిసోడ్ చేసే హక్కు నాకు లేదు.

2008 మే నెల. నాకు పదకొండేళ్లు. వేసవి సెలవులకి కాజీపేటలో పెద్దనాన్న వాళ్లింట్లో ఉన్నాం. అర్ధరాత్రి అన్నయ్య నన్ను లేపి టీవీ ముందు కూర్చోబెట్టాడు. మాస్కోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, మాంచెస్టర్ యునైటెడ్‌కీ చెల్సీకీ. పెద్దనాన్న లేస్తే తంతాడని సౌండ్ మ్యూట్‌లో పెట్టాం. మన టైమ్‌లో తెల్లవారుజామున పెనాల్టీలు. చెల్సీ కెప్టెన్ జాన్ టెర్రీ కాలు జారింది, బంతి పోస్ట్‌కి తగిలి బయటికి పోయింది. చివరికి యునైటెడ్ గెలిచింది. మేమిద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గెంతాం. ఆ రాత్రి నుంచి నేను యునైటెడ్.

గమనించారా, నేను క్లబ్‌ని ఎంచుకోలేదు. అన్నయ్య ఇచ్చాడు, నేను తీసుకున్నా. మతం కూడా చాలామందికి ఇలాగే వస్తుంది. ఇంట్లో ఉంటుంది, మనకి వచ్చేస్తుంది.

ఇక తప్పు సంగతి. 2023 మార్చి 5. లివర్‌పూల్ 7, యునైటెడ్ 0. అవును, ఏడు. మా బీటెక్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో నా పాత రూమ్మేట్ ఉన్నాడు, లివర్‌పూల్ ఫ్యాన్. గోల్ గోల్‌కీ ఒక మీమ్ వేస్తున్నాడు. ఆరో గోల్ తర్వాత నేను ఒక మెసేజ్ టైప్ చేశా. అది ఆట గురించి కాదు. వాడి మతం గురించి, వాడి ఇంట్లోవాళ్ల గురించి. నాలుగేళ్లు వాళ్లమ్మ పంపిన డబ్బాలో తిన్నవాణ్ని నేను. గ్రూప్ మొత్తం సైలెంట్. రెండు నిమిషాల తర్వాత స్క్రీన్ మీద వాడు గ్రూప్ నుంచి వెళ్లిపోయినట్టు ఒక లైన్ కనపడింది.

అది నా చేతి వేళ్ల నుంచి ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఫుట్‌బాల్ కోపం మతం దాకా ఎందుకు పోయింది? అది వెతుక్కుంటూ పోతే నేను చేరిన ఊరు స్కాట్లాండ్‌లోని గ్లాస్గో. దారి చూపించింది కూడా మా యునైటెడ్ మనిషే, ఆ 2008 ఫైనల్ గెలిపించిన మేనేజర్ సర్ అలెక్స్ ఫెర్గూసన్.

ఫెర్గూసన్ పుట్టి పెరిగింది గ్లాస్గోలో, గోవన్ అనే పేటలో. షిప్పులు కట్టే పేట అది. అక్కడి క్లబ్ రేంజర్స్. ఆయన ప్రొటెస్టెంట్, ఆయన భార్య క్యాథలిక్. 1967లో రేంజర్స్ ఆయన్ని కొనుక్కున్నప్పుడు, క్లబ్ డైరెక్టర్ ఒకరు అడిగిన ప్రశ్నని ఆయన తర్వాత తన ఆత్మకథలో చెప్పుకున్నారు. నీ భార్య క్యాథలిక్ అట కదా, పెళ్లి ఎక్కడ జరిగింది అని. చర్చిలో కాదు, రిజిస్టర్ ఆఫీసులో అని ఈయన చెప్తే, అయితే పర్లేదు అన్నాడట. స్ట్రైకర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ అనుకోండి. ఎన్ని గోల్స్ కొట్టావు అని కాదు, పెళ్లి ఏ పద్ధతిలో చేసుకున్నావు అని అడిగారు.

ఇది ఎలా మొదలైందో చూద్దాం. 1845లో ఐర్లాండ్‌లో బంగాళదుంప పంటకి తెగులు పట్టింది. అక్కడి పేదోడికి బంగాళదుంప అంటే మనకి అన్నం లాంటిది. ఆ కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు. అంతకన్నా ఎక్కువమంది దేశం వదిలి వెళ్లిపోయారు. వాళ్లలో చాలామంది సముద్రం దాటి పక్కనే ఉన్న గ్లాస్గోకి వచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది క్యాథలిక్కులు. స్కాట్లాండ్ ప్రొటెస్టెంట్ దేశం. అంటే వీళ్లు పేదవాళ్లు, పరాయివాళ్లు, పైగా వేరే మతం. మూడూ ఒకేసారి.

గ్లాస్గో తూర్పు వైపు పేటల్లో ఈ ఐరిష్ పిల్లలు ఆకలితో బడికి వచ్చేవారు. అక్కడ బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే ఐరిష్ క్యాథలిక్ బ్రదర్ స్కూల్ హెడ్‌మాస్టర్‌గా ఉండేవారు. పిల్లల మధ్యాహ్న భోజనానికి డబ్బు కావాలి. ఫుట్‌బాల్ పెడితే టికెట్ డబ్బులు వస్తాయి. అందుకని 1887 నవంబర్ 6న సెయింట్ మేరీ చర్చి హాల్లో మీటింగ్ పెట్టి ఒక క్లబ్ మొదలుపెట్టారు. అదే సెల్టిక్. ఈరోజు మనకి తెలిసిన ఇంత పెద్ద క్లబ్ మొదలైంది పిల్లల అన్నం కోసం.

హిస్టరీ రాసేవాళ్లు ఇంకో కారణం కూడా చెప్తారు. ప్రొటెస్టెంట్ సంస్థలు కూడా అన్నం పెట్టేవి. అక్కడికి వెళ్తే పిల్లలు మతం మారిపోతారేమో అనే భయం కూడా ఉండేది. అంటే మొదటి రోజు నుంచే అందులో ఆకలీ ఉంది, మతమూ ఉంది.

మరి రేంజర్స్? ఆ క్లబ్ 1872లోనే పుట్టింది. ఆట మీద పిచ్చి ఉన్న కొంతమంది కుర్రాళ్లు పార్కులో మొదలుపెట్టుకున్న టీమ్. క్యాథలిక్కులకి వ్యతిరేకంగా పుట్టింది కాదు. 1888 మేలో సెల్టిక్ తన మొట్టమొదటి మ్యాచ్ ఆడింది కూడా రేంజర్స్‌తోనే. 5-2తో సెల్టిక్ గెలిచింది. అప్పట్లో రెండు క్లబ్బులకీ మంచి స్నేహం ఉండేదని అంటారు.

తర్వాత ఏమైంది? సెల్టిక్ గెలవడం మొదలుపెట్టింది. దాన్ని ఓడించే స్థానిక టీమ్ ఒకటి కావాలని చాలామందికి అనిపించింది. రేంజర్స్ ఆ టీమ్ అయ్యింది. స్టేడియాలు నిండాయి, డబ్బు వచ్చింది. 1904లో ఒక స్పోర్ట్స్ పత్రిక కార్టూన్ వేసింది. ఒక మనిషి బోర్డు తగిలించుకుని నిలబడి ఉంటాడు, దాని మీద ఈ ఇద్దరినీ కలిపి 'ఓల్డ్ ఫర్మ్' అని ఉంటుంది. పాత కంపెనీ అని అర్థం. బయటికి శత్రువులు, వ్యాపారంలో పార్ట్‌నర్లు అని వెటకారం. ఆ పేరే ఇప్పటికీ నడుస్తోంది.

ఇంకో పక్క దేశంలో కూడా విషం పెరిగింది. 1923లో స్కాట్లాండ్ చర్చి ముందుకి ఒక రిపోర్ట్ వచ్చింది. ఐరిష్ జాతి వల్ల స్కాటిష్ జాతికే ప్రమాదం అని దాని సారాంశం. దీనికి ఆ చర్చి 2002లో విచారం ప్రకటించింది, అంటే దాదాపు ఎనభై ఏళ్లకి. అలాంటి గాలిలో రేంజర్స్ ఒక రూల్ పాటించింది. కాగితం మీద ఎక్కడా ఉండదు, ఊళ్లో అందరికీ తెలుసు: క్యాథలిక్ ఆటగాణ్ని తీసుకోకూడదు.

సెల్టిక్ అలా చెయ్యలేదు. 1967లో ఇటలీ టీమ్ ఇంటర్‌ని లిస్బన్‌లో 2-1తో ఓడించి సెల్టిక్ యూరోపియన్ కప్ గెలిచింది కదా, ఆ టీమ్ మేనేజర్ జాక్ స్టీన్ ప్రొటెస్టెంట్. చిన్నప్పుడు రేంజర్స్ ఫ్యాన్ అయిన కెన్నీ డాల్గ్లీష్ కూడా సెల్టిక్‌కే ఆడాడు. సెల్టిక్ మనిషి ఇంటికి వస్తున్నాడని గోడ మీద రేంజర్స్ పోస్టర్లు పీకేశాడని కథ కూడా ఉంది. అలాగని సెల్టిక్ ఫ్యాన్స్ అందరూ శుద్ధపూసలు అనుకోకండి. ద్వేషం పాటలు రెండు గ్యాలరీల్లోనూ వినిపించాయి.

1989 జులై 10న రేంజర్స్ ఆ రూల్ బద్దలుకొట్టింది. మేనేజర్ గ్రేమ్ సూనెస్, మో జాన్‌స్టన్‌ని తీసుకున్నాడు. ఇతను క్యాథలిక్. అది చాలదన్నట్టు మాజీ సెల్టిక్ ఆటగాడు. ఇంకా చెప్పాలంటే రెండు నెలల ముందే సెల్టిక్ జెర్సీ వేసుకుని, తిరిగి వచ్చేస్తున్నా అని ఫోటోలు దిగినవాడు. సెల్టిక్ వాళ్లకి ద్రోహి. రేంజర్స్ వాళ్లలో కొందరు స్టేడియం బయట సొంత క్లబ్ స్కార్ఫులే తగలబెట్టారు. ఆ నవంబర్‌లో అతనే ఆఖరి నిమిషాల్లో సెల్టిక్ మీద గోల్ కొట్టి రేంజర్స్‌ని 1-0తో గెలిపించాడు. మరి ఆ గోల్‌కి ఎగిరినవాళ్లు అతని మతం అడిగారా?

ఇది నవ్వుకునే కథ అయితే బాగుండేది. 1995 అక్టోబర్‌లో సెల్టిక్ మ్యాచ్ చూసి ఇంటికి నడిచి వెళ్తున్న పదహారేళ్ల అబ్బాయిని ఒకడు గొంతు కోసి చంపేశాడు. ఆ అబ్బాయి వాడికి ఎవరో కూడా తెలియదు. వంటి మీద ఉన్న రంగు ఒక్కటే తెలుసు. తర్వాత ఆ అబ్బాయి స్నేహితురాలు 'నిల్ బై మౌత్' అనే సంస్థ మొదలుపెట్టింది. నోటి నుంచి వచ్చే మాట దగ్గరే ఈ ద్వేషాన్ని ఆపాలి అని వాళ్ల పని. ఇది చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టేశా. నా మెసేజ్ కూడా మాటే కదా.

మరి ఫ్యాన్‌గా ఉండటమే తప్పా? నేను అలా అనుకోవట్లేదు. ఎందుకో రెండు సంఘటనలు చెప్తా.

ఒకటి, 1971 జనవరి 2. రేంజర్స్ స్టేడియం ఐబ్రాక్స్‌లో ఇదే ఓల్డ్ ఫర్మ్ మ్యాచ్. అయిపోయాక బయటికి దిగే మెట్ల మీద తొక్కిసలాటలో 66 మంది చనిపోయారు. ఆ నెలలోనే రెండు క్లబ్బుల ఆటగాళ్లు కలిసి ఒకే టీమ్‌గా స్కాట్లాండ్ టీమ్‌తో ఆడి, బాధిత కుటుంబాల కోసం డబ్బు పోగుచేశారు.

రెండు, 2012. రేంజర్స్‌ని నడిపే కంపెనీ అప్పుల్లో మునిగి దివాలా తీసింది. టీమ్ ఏకంగా నాలుగో డివిజన్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. స్టార్లు చాలామంది వెళ్లిపోయారు. ఆ ఆగస్టులో ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ అనే చిన్న టీమ్‌తో మ్యాచ్ పెడితే స్టేడియానికి 49,118 మంది వచ్చారు. ఎదుట సెల్టిక్ లేదు, తిట్టడానికి ఎవరూ లేరు. అయినా వచ్చారు.

నాకు దొరికిన ఆన్సర్ ఇక్కడే ఉంది ఫ్రెండ్స్. పిల్లలకి అన్నం పెట్టడం కోసం క్లబ్ పెట్టినాయనదీ నమ్మకమే. నాలుగో డివిజన్‌లో కూడా టికెట్ కొన్నవాడిదీ నమ్మకమే. రెండింట్లోనూ మనవాళ్ల కోసం మన చేతి నుంచి ఏదో ఒకటి ఇవ్వాలి: టైమ్, డబ్బు, ఓపిక. అవతలివాణ్ని తిట్టడానికి ఏమీ ఇవ్వక్కర్లేదు. అందుకే అది అంత ఈజీగా వస్తుంది. ఆ రోజు 7-0 పడ్డప్పుడు ఒక ఫ్యాన్‌గా నా పని ఏంటి? నోరు మూసుకుని భరించి, మళ్లీ వారం మ్యాచ్‌కి కూర్చోవడం. అది చేతకాక వాడి దేవుడి మీద పడ్డాను. దాన్ని లాయల్టీ అనుకున్నా. పిరికితనం అది.

వాడికి సారీ చెప్పడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఫోన్ చేస్తే ఎత్తాడు. "సర్లేరా, వదిలెయ్" అన్నాడు. గ్రూప్‌లోకి మాత్రం మళ్లీ రాలేదు. రమ్మని అడిగే ధైర్యం నాకూ లేదు. ఇప్పటికీ లివర్‌పూల్ గెలిచిన రోజు, గ్రూప్‌లో మీమ్ పడదని తెలిసి కూడా, ఒకసారి ఓపెన్ చేసి చూస్తా.

మీ గ్రూపుల్లో కూడా ఇలా వెళ్లిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే, నాలాగా ఎనిమిది నెలలు ఆగకండి, ఈ వీడియో అయ్యాక ఒక కాల్ చెయ్యండి. కామెంట్స్‌లో మీ టీమ్ ఏదో రాయండి, అవతలి టీమ్ వాళ్లతో గొడవ కూడా పడండి, కానీ ఆట గురించే. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.