చీకటి ఫోటోలో రవ్వ

మా అమ్మమ్మ ఫోటో ఒకటి నా దగ్గరుంది. 2008 వేసవి, ఊళ్లో కరెంటు పోయిన రాత్రి. అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది, పక్కన లాంతరు. నా చేతిలో ఉన్నది ఇంజనీరింగ్ చదివేటప్పుడు కొనుక్కున్న చిన్న డిజిటల్ కెమెరా. ఫ్లాష్ వేస్తే కళ్లు మూసేసుకుంటుందని ఫ్లాష్ ఆపి, ఐఎస్ఓ 1600 పెట్టి నొక్కాను. బొమ్మ నిండా ఎరుపూ నీలమూ ఆకుపచ్చా చుక్కలు, ఎవరో రంగులద్దిన రవ్వ జల్లినట్టు.

అమ్మమ్మ పోయి ఏడాదైనప్పుడు, సంవత్సరీకం నాటికి ఆ ఫోటోని పెద్దది చేయించి పటం కట్టిద్దామనుకున్నాను. నాయిస్ తీసేసే ఒక సాఫ్ట్‌వేర్లో వేస్తే నాలుగు సెకన్లలో అద్దంలా వచ్చింది. ముచ్చటపడి అమ్మకి చూపించాను. అమ్మ చాలాసేపు చూసి, "బానే ఉంది గానీ, అమ్మ గడ్డం మీద పచ్చబొట్టేదిరా?" అంది.

లేదు. ముడతలు కూడా సగం పోయాయి. ఆ సాఫ్ట్‌వేరుకి పచ్చబొట్టూ ఒక చుక్కే. తప్పెక్కడుందో వెతకడం వృత్తిరీత్యా నాకు అలవాటు. ఈసారి వెతుకుతూ వెతుకుతూ వందేళ్లు వెనక్కి పోవాల్సి వచ్చింది.

వెలుతురు చాలని చోట ఫోటో తీయడమన్నది 1920ల్లో మొదట లెన్సు సమస్య. 1924లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఎర్నెమాన్ కంపెనీ ఎర్మనాక్స్ అనే కెమెరా తెచ్చింది. దానికి లుడ్‌విగ్ బెర్టెలే రూపొందించిన లెన్సు, మొదట ఎఫ్/2, తర్వాత ఎఫ్/1.8. ఇవాళ మనం కొనే 50 ఎంఎం లెన్సుల మీద కూడా ఇదే అంకె కనిపిస్తుంది. న్యాయశాస్త్రం చదివిన ఎరిక్ సాలమన్ ఈ కెమెరాతో 1928లో కోర్టు హాల్లోకి వెళ్లాడు, కెమెరాని టోపీలో దాచుకుని. తర్వాత అంతర్జాతీయ సమావేశాల్లో దూరి, అర్ధరాత్రి దాటాక కుర్చీల్లో జోగుతున్న మంత్రుల్ని ఫ్లాష్ లేకుండా తీశాడు. పెద్దమనుషులు తమకి తెలియకుండా ఎలా ఉంటారో లోకం చూసింది అప్పుడే. (సాలమన్ యూదుడు. 1944లో ఆష్‌విట్జ్‌లో చంపేశారు. ఆయన ఫోటోలు చూసేటప్పుడు నాకు ఈ విషయం గుర్తుకు రాకుండా ఉండదు.)

లెన్సు తర్వాత ఫిల్ము వంతు. ఫిల్ము మీద ఉండేవి వెండి లవణపు స్ఫటికాలు. ఒక్కో స్ఫటికానిది అంతా లేదా ఏమీ లేదు అన్న పద్ధతి: కొద్దిపాటి ఫోటాన్లు తగిలితే డెవలపర్లో మొత్తం నల్లబడుతుంది, తగలకపోతే కరిగి పోతుంది. చీకట్లో పనిచేయాలంటే స్ఫటికం పెద్దదిగా ఉండాలి, ఎక్కువ ఫోటాన్లు దానికి దొరకాలి కనక. పెద్ద స్ఫటికమంటే పెద్ద రవ్వ. కోడాక్ ట్రై-ఎక్స్ 1954లో 35 ఎంఎం రీళ్లలో వచ్చాక పత్రికల ఫోటోగ్రాఫర్లంతా ఈ బేరానికి ఒప్పేసుకున్నారు. అదీ చాలకపోతే 'పుష్' చేసేవాళ్లు, అంటే డెవలపర్లో ఎక్కువసేపు ఉంచేవాళ్లు. దానివల్ల ఫిల్ముకి కొత్తగా వెలుతురేమీ రాదు. ఉన్నది మరింత మొరటుగా కనిపిస్తుంది, నీడల్లో వివరం పోతుంది. ఆ మొరటుతనమే తర్వాత ఒక అందమై కూర్చుంది. ఇప్పుడు ఫోన్లలో గ్రెయిన్ ఫిల్టరు పెట్టుకునే మా తరానికి ఆ బేరం సంగతి తెలీదు.

సినిమాకి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. సెకనుకి 24 ఫ్రేములు తీయాలి, ఒక్కో ఫ్రేముకి దొరికే సమయం బహు స్వల్పం. 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్‌లీ వెన్నెలని మనం ఇప్పటికీ చెప్పుకుంటాం. అప్పటి ఫిల్ముకి అసలు వెన్నెల ఏ మూలకీ చాలదు. అది కెమెరామన్ పుట్టించిన వెన్నెల. 'బ్యారీ లిండన్' (1975)కి కూబ్రిక్ రెండో దారి పట్టాడు: నాసా కోసం జైస్ తయారుచేసిన ఎఫ్/0.7 లెన్సులు సంపాదించి, ఫిల్ముని ఒక స్టాప్ పుష్ చేసి, కొవ్వొత్తుల వెలుగులోనే తీయించాడు. నటులు ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగితే ఫోకస్ పోయేది.

ఇంతవరకూ అందరూ నాయిస్‌ని పరికరం లోపంగానే చూశారు. ఇక్కడ కథ మలుపు తిప్పిన ఇద్దరి గురించి ఫోటోగ్రఫీ పుస్తకాలు పెద్దగా చెప్పవు. మొదటివాడు వాల్టర్ షాట్కీ. వాక్యూమ్ ట్యూబుల్లో వినిపించే రొదలో కొంత భాగాన్ని ఎంత మంచి ట్యూబు చేసినా పోగొట్టలేమని 1918లో చూపించాడు. కరెంటు ధార కాదు, విడివిడి ఎలక్ట్రాన్ల జల్లు. వెలుతురూ అంతే. తుంపర పడుతున్నప్పుడు వాకిట్లో పక్కపక్కన రెండు గిన్నెలు పెట్టండి. ఒకదాంట్లో తొమ్మిది చుక్కలు పడితే ఇంకోదాంట్లో పద్నాలుగు పడొచ్చు. గిన్నె తప్పేం లేదు. జోరువానలో ఆ తేడా కనిపించదు. లెక్క కూడా సులువే: సగటున 100 చుక్కలు పడే చోట అటూఇటూ 10 తేడా, అంటే పది శాతం. 10,000 పడితే తేడా 100, అంటే ఒక్క శాతం. వర్గమూలం, అంతే.

రెండోవాడు ఆర్‌సీఏ కంపెనీలో టీవీ కెమెరా ట్యూబులు తయారుచేసిన ఆల్బర్ట్ రోజ్. 1948లో ఈయన ఒక వింత పని చేశాడు. ఫిల్మునీ, టీవీ ట్యూబునీ, మనిషి కంటినీ ఒకే కొలతతో కొలిచాడు: వచ్చిన ఫోటాన్లలో ఎన్నిటిని వాడుకుంటున్నావు? బొమ్మలో ఒక మచ్చని 'ఇది నిజంగా ఉంది' అని నమ్మకంగా చెప్పాలంటే, దానికీ చుట్టుపక్కలకీ ఉన్న తేడా నాయిస్ కంటే సుమారు అయిదు రెట్లు ఉండాలన్నాడు. ఆయన చూపించిన ఒక ఫోటో వరసలో ఒకే స్త్రీ బొమ్మ ఆరుసార్లుంటుంది. మొదటిది మూడు వేల ఫోటాన్లతో ఏర్పడింది, చివరిది రెండు కోట్ల ఎనభై లక్షలతో. మొదటిదాంట్లో చీకట్లో చల్లిన తెల్ల చుక్కలు తప్ప ఏమీ ఉండదు. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ముందు ఆకారం, తర్వాత ముఖం, ఆ తర్వాతెప్పుడో చిన్న వివరాలు. నా అమ్మమ్మ ఫోటో ఆ వరసలో ఎక్కడ ఆగిందో అది చూశాకే అర్థమైంది.

తర్వాత వచ్చినదంతా పరికరం తన వంతు రొదని తగ్గించుకున్న కథ. 1969లో బెల్ ల్యాబ్స్‌లో బాయిల్, స్మిత్ సీసీడీని ఆలోచించారు (2009లో నోబెల్ వచ్చింది). దాంట్లోంచి చార్జిని చదివే ప్రతిసారీ కొంత తప్పు కలిసేది. 1974లో వెస్టింగ్‌హౌస్‌లో మార్విన్ వైట్ బృందం దీనికి చెప్పిన ఉపాయం మన కిరాణా కొట్టు ఉపాయమే: ముందు ఖాళీ గిన్నె తూచు, నూనె పోశాక మళ్లీ తూచు, రెండోదాంట్లోంచి మొదటిది తీసెయ్. చార్జి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చదివితే రెండింటిలోనూ ఉన్న తప్పు కొట్టుకుపోతుంది. ఇంత మామూలు తీసివేత మీద ఇవాళ్టి ఫోన్ కెమెరాలు నడుస్తున్నాయంటే నాకు భలే ఇష్టం. 1990ల్లో నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో ఎరిక్ ఫాసమ్ బృందం ప్రతి పిక్సెల్ లోపలే ఒక యాంప్లిఫయర్ పెట్టి సీమాస్ సెన్సర్లకి దారి వేసింది. 2007లో వచ్చిన నికాన్ డీ3 మామూలుగా ఐఎస్ఓ 6400 దాకా, లాగితే 25,600 దాకా పోయింది. 2014లో సోనీ ఏ7ఎస్ 4,09,600 అంది. ఇప్పటి మంచి సెన్సర్లు ఒక పిక్సెల్‌ని చదవడంలో చేసే తప్పు రెండు మూడు ఎలక్ట్రాన్లకి మించదు.

ఇక్కడ ఒక మాట. "ఐఎస్ఓ పెంచితే నాయిస్ వస్తుంది" అని ప్రతి ఫోటోగ్రఫీ క్లాసులోనూ చెబుతారు, నేనూ స్నేహితులకి చెప్పాను. సగం అబద్ధం. డిజిటల్ కెమెరాలో ఐఎస్ఓ రేడియో వాల్యూమ్ లాంటిది. నాయిస్‌కి అసలు కారణం తక్కువ ఫోటాన్లు పడటం. వాల్యూమ్ పెంచితే అది వినిపిస్తుంది, అంతే. నిజానికి చాలా కెమెరాల్లో ఐఎస్ఓ పెంచినప్పుడు తర్వాతి సర్క్యూట్లు కలిపే రొద వాటా తగ్గుతుంది కూడా. ఫాసమ్ ఆ తర్వాత డార్ట్‌మత్‌లో ఒక్కొక్క ఫోటాన్‌నీ లెక్కపెట్టే సెన్సర్ మీద పనిచేశాడు. దాంట్లో కూడా చీకటి ఫోటో రవ్వరవ్వగానే ఉంటుంది, తుంపర తుంపరే కాబట్టి.

పరికరం దాదాపు గెలిచేసింది. ఇక మిగిలినవి రెండే దారులు. ఎక్కువ వెలుతురు పోగుచెయ్యడం ఒకటి. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో వచ్చిన నైట్ సైట్ చేసింది చాలావరకూ ఇదే: చెయ్యి వణకనంత చిన్న ఎక్స్‌పోజర్లు పదిహేను దాకా తీసి, ఒకదాని మీద ఒకటి సర్ది, సగటు తియ్యడం. పదహారు ఫోటోల సగటులో నాయిస్ నాలుగో వంతుకి పడుతుంది, మళ్లీ వర్గమూలమే. ఇది నిజాయితీ ఉన్న పని. ఆ ఫోటాన్లు నిజంగా వచ్చాయి.

రెండో దారి ఊహించడం. లక్షల ఫోటోలు చూసిన ప్రోగ్రాం ఇలాంటి చోట సాధారణంగా ఏముంటుందో అది రాసేస్తుంది. గడ్డం మీద సాధారణంగా ఏముంటుంది? చర్మం. రోజ్ అయిదు రెట్లు ఉంటేగానీ నమ్మొద్దన్న చోట అది నాలుగు సెకన్లలో తేల్చేసింది. సాఫ్ట్‌వేరు మనిషిగా నాకు దాని మీద కోపం రాలేదు. అలాంటి మోడళ్లు ఎలా తయారవుతాయో తెలుసు, సగటు తప్పు తక్కువైతే చాలు. మా అమ్మమ్మ సగటు కాదని దానికి తెలిసే వీల్లేదు. నాకు ఇబ్బందనిపించింది వేరే: పాత ఫోటో తనకి తెలియని చోట తెలియదని చుక్కల్లో చెప్పేది. కొత్తది చెప్పలేదు. అమ్మ అడక్కపోతే నేను ఆ ముఖానికే పటం కట్టించి ఉండేవాణ్ణి.

చివరికి పాత ఫైలునే ఏమీ చేయకుండా పోస్టుకార్డు సైజులో వేయించాను. చిన్నదిగా వేస్తే పక్కపక్క పిక్సెళ్లు కొన్ని కలిసి ఒక్క చుక్కవుతాయి. పదిహేను ఫోటోలు లేకపోయినా ఉన్న ఒక్కదాంట్లోనే సగటు తీసుకోవడమన్నమాట. పెద్ద పటం ఆశ వదులుకోవాలి. స్టూడియో కుర్రాడు స్క్రీన్ మీద చూసి, "బాగా గ్రెయిన్స్ ఉన్నాయి సార్, ఏఐలో క్లీన్ చేసిస్తా, యాభై రూపాయలే" అన్నాడు. వద్దన్నాను.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని ట్యూబులైటు కింద పట్టుకుంది. దగ్గరగా చూసింది, చెయ్యి చాపి దూరంగా పెట్టి చూసింది. "ఇదుగో" అని గడ్డం దగ్గర వేలు పెట్టింది. నేనూ వంగి చూశాను. మిగతా చుక్కల కన్నా కాస్త నల్లగా ఉన్న చోటు ఒకటి, బహుశా, కనిపించింది.