థేమ్స్ నదిలో సగపోటు లాకు

ఒక పాత వంతెనను పడగొడితే ఎన్నో మైళ్ల ఎగువన నది ఇంకిపోతుందా? ఇంగ్లండులో 1831 తరువాత ఇంచుమించుగా ఇదే జరిగింది.

థేమ్స్ నదిలో సముద్రపు పోటు లండను నగరాన్ని దాటి టెడింగ్టన్ వరకు పోతుంది. అక్కడి ఆనకట్ట దానిని ఆపుతుంది. 1209లో పూర్తియైన పాత లండను వంతెన స్తంభాలు చాల లావు, కమానులు ఇరుకు. నదికి అది సగం ఆనకట్టే. ఆటు సమయంలో వంతెనకు ఇరుపక్కల నీటిమట్టంలో కొన్ని అడుగుల భేదం ఏర్పడేది. ఆ దూకుడులో పడవ నడపడం ప్రాణాపాయం. కనుక 1831లో వెడల్పైన కమానులతో కొత్త వంతెన తెరచి, పాతదానిని తొలగించడం పడవవాళ్లకు మేలే.

కాని ఆ అడ్డు పోగానే ఆటునీరు వడిగా సముద్రానికి జారిపోసాగింది. ఎగువన రిచ్మండ్ వద్ద బురదమేటల నడుమ సన్నని పాయ మాత్రమే మిగిలేది. పడవలు బురదలో దిగబడి, మళ్లీ పోటు వచ్చేదాకా కదలలేకపోయేవి. మామూలు ఆనకట్ట కడదామంటే అది పోటునే ఆపివేస్తుంది! ఈ చిక్కు విడిపోయేసరికి అరవై ఏళ్లు దాటినవి.

1894లో రిచ్మండ్ వద్ద తెరచిన కట్టడం కదిలే ఆనకట్ట. నదికి అడ్డంగా మూడు ఉక్కు తలుపులు. ఒక్కొక్కటి 66 అడుగుల వెడల్పు, 32 టన్నుల బరువు. సరితూకపు బరువులు కట్టినందున వాటిని ఎత్తడం కష్టం కాదు. పోటు పూర్ణమయ్యే వేళకు రెండు గంటల ముందు, రెండు గంటల తరువాత అవి పైన ఉంటాయి. పడవలు వాటి క్రిందుగా నేరుగా సాగిపోతాయి. మిగిలిన వేళల్లో తలుపులు దిగి, ఎగువనీటిని సగపోటు మట్టానికి తగ్గకుండా నిలుపుతాయి. అప్పుడు పడవకు ప్రక్కనున్న లాకే దారి.

గోదావరి, కృష్ణా కాలువల లాకులను చూచినవారికి ఇది కొత్త కాదు. దిగువనుంచి వచ్చిన పడవ లాకుగదిలో చేరగానే వెనుక తలుపులు మూస్తారు. ఎగువనీరు లోనికి వదలగా గదిలో మట్టం పెరిగి, పడవ దానితోపాటు లేస్తుంది. మట్టాలు సమానమైనప్పుడే ముందు తలుపులు తెరుచుకుంటాయి. అంతకుముందు నీటి ఒత్తిడే వాటిని బిగించి ఉంచుతుంది. అయితే కాలువ లాకులో ఎగువ ఎప్పుడూ ఎగువే. పోటునదిలో సముద్రంవైపు మట్టం గంటగంటకు మారుతుంది. ఉదయం నాలుగడుగులు లేవవలసిన పడవ మధ్యాహ్నం అడుగైనా లేవనక్కరలేకపోవచ్చు.

అందుచేత ఇక్కడ పడవ నడిపేవాడు గడియారంతోపాటు పోటుపాట్ల పట్టిక కూడ చూడాలి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నేడు ఎనిమిది గంటలకు తలుపులు లేస్తూండగా దాటిపోయినవాడు రేపు అదే వేళకు వస్తే, అవి ఇంకా దిగే ఉంటాయి.