సేఫెర్, ఇగ్గెరెత్, కమ్మ

బైబిలు హీబ్రూలో జాబుకు పాత మాట ‘సేఫెర్’. గ్రంథపు చుట్ట, భూమి కొన్న పత్రం, విడాకుల పత్రం, రాసిందేదైనా సేఫెరే. ఊరియాను చంపించమని దావీదు రాజు తన సేనాపతి యోవాబుకు ఆ ఊరియా చేతనే పంపిన చావు ఉత్తరమూ అదే. పారశీక పాలన నాటి కథలు చెప్పే నెహెమ్యా, ఎస్తేరు గ్రంథాల్లో ‘ఇగ్గెరెత్’ వస్తుంది. అది అక్కదీ భాషలోని ‘ఎగిర్తు’కు చుట్టం.

మన తెలుగులో తాటాకు కాలంలో జాబు ‘కమ్మ’. ‘ఉత్తరం’ సంస్కృతం, ‘జాబు’ అరబ్బీ ‘జవాబ్’. రెంటికీ మూలార్థం బదులే. మదనపల్లె, పుంగనూరు పక్క కన్నడ సీమలో ‘కాగద’ అంటే కాగితమూ, జాబూ. కుప్పం దాటితే తమిళుల ‘కడిదం’. పౌలు జాబులకు తెలుగు బైబిలు పెట్టిన పేరు ‘పత్రిక’; కమ్మలాగే పత్రమన్నా ఆకే.

మీ పెద్దలు జాబును ఏమనేవారో అడిగి రాసి ఉంచండి.