యాపపుల్లా? రంగునీళ్ళా?

మొన్న పండక్కి జనగామ దగ్గర మా ఊరెళ్ళాను. చిగుళ్ళ వాపుకి డాక్టరిచ్చిన క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలిస్తుంటే మా నానమ్మ నవ్వింది. "యాపపుల్ల ఉండంగ ఈ రంగునీళ్ళేందిరా?" కోడు రాసుకునేవాణ్ణి, జవాబెక్కడిది? తిరిగొచ్చాక కాస్త చదివాను. చదివితే అసలు ఆకుమందు, కెమికల్ అని మనం గీసుకున్న గీతే తప్పనిపించింది.

లిస్టరిన్ సంగతే చూడండి. 1879లో అమెరికాలో జోసెఫ్ లారెన్స్ అనే డాక్టరు దాన్ని తయారుచేశాడు. ఆపరేషన్లలో క్రిముల్ని కార్బాలిక్ యాసిడ్‌తో అడ్డుకోవచ్చని 1867లో రాసిన జోసెఫ్ లిస్టర్ పేరు దానికి పెట్టారు. మొదట ఆపరేషన్ల కోసం వాడింది, 1920ల్లో నోటి దుర్వాసన ప్రకటనలతో ఇళ్ళల్లోకి చేరింది. ఇంతకీ ఆ సీసాలో ఏముంది? నీలగిరి తైలంలో ఉండే యూకలిప్టాల్, పుదీనా జాతిలో ఉండే మెంతాల్, మన వాములో ఘాటైన థైమాల్! మొదటి ప్రపంచయుద్ధానికి ముందు మన వాము ఓడలెక్కి జర్మనీ వెళ్ళేది, థైమాల్ తియ్యడానికే. ఇంట్లో ఉండే ఘాటే సీసాలోకి ఎక్కేసరికి ఇంగ్లీషు మందైపోయిందన్నమాట.

అచ్చమైన ఫ్యాక్టరీ సరుకంటే నాకు డాక్టరిచ్చిన మందే. బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీలో పుట్టి 1954లో చర్మానికి రాసే యాంటీసెప్టిక్‌గా వచ్చింది. 1970లో అచ్చయిన ఒక ప్రయోగంలో, బ్రష్ మానేసినవాళ్ళు రోజుకు రెండుసార్లు 0.2 శాతం మందుతో పుక్కిలిస్తే పళ్ళకు పాచే పట్టలేదు. ఆ తర్వాత దీనిమీద పరీక్షలే పరీక్షలు. 2017 కాక్రేన్ సమీక్షలో 51 అధ్యయనాలున్నాయి. పాచి బాగా తగ్గిస్తుందనీ, ఎక్కువరోజులు వాడితే పళ్ళకు మరకలు పడతాయనీ రెండూ తేల్చారు.

మరి మన సరుకో? జనగామ పల్లెల్లో వేప, మహబూబాబాద్, భూపాలపల్లి అడవుల్లో కరక్కాయ, తానికాయ, ఉసిరి. అంటే త్రిఫల మొత్తం పాత వరంగల్ జిల్లాలోనే ఉంది. వేపనూనెలోంచి నింబిన్‌ని సలీముజ్జమాన్ సిద్దిఖీ 1942లోనే వేరుచేశాడు. వేప, త్రిఫల నీళ్ళని క్లోర్‌హెక్సిడిన్‌తో పోల్చిన పరీక్షలు మన దేశంలోనూ జరిగాయి, కొన్నిట్లో దాదాపు సమానంగా నిలిచాయి కూడా. కానీ చాలావాటిలో మనుషులు కొద్దిమంది, రోజులూ కొన్నే.

నా గోలంతా ఇక్కడే. తేడా ఆకుకీ కెమికల్‌కీ మధ్య కాదు, కొలిచినదానికీ కొలవనిదానికీ మధ్య. మనం వేపని పొగిడినంతగా పరీక్షించలేదు.

నానమ్మకి ఎనభై దాటినా పళ్ళు గట్టివే, నిజమే. కానీ అదే చెట్టు పుల్ల నమిలిన మా తాతకి యాభై ఏళ్ళకే అన్నీ ఊడాయి. చిగుళ్ళలోంచి రక్తం కారుతున్నా డాక్టరు దగ్గరికి పోలేదు, చెట్టుందన్న ధీమా. ఆ మాట గుర్తుచేస్తే నానమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "నువ్వైతే దవాఖానకు పో బిడ్డా."