నడిమి అక్షరాల వేట

జీ, పీ. ఈ రెండక్షరాలూ ఇదే వరసలో పక్కపక్కన వచ్చే ఇంగ్లీషు మాట ఒకటి చెప్పండి. ముందు ఎన్ని అక్షరాలున్నా సరే, వెనక ఎన్ని ఉన్నా సరే.

అడిగిన ప్రతివాళ్లూ జీతో మొదలుపెట్టి తడుముకుంటారు. తప్పు వాళ్లది కాదు. మనకు మాటలు మొదటి అక్షరంతోనే గుర్తుంటాయి. నిఘంటువు కూర్పూ అంతే. అంత్యాక్షరిలో చివరి అక్షరం చేతికొచ్చినా దాన్ని తలమీద పెట్టుకునే తరవాతి పాట ఎత్తుకుంటాం. నడుము పట్టుకుని మాటను పైకి లాగమంటే మాత్రం చెయ్యి జారిపోతుంది. జవాబు, నలుపూ తెలుపూ కలగలిసిన మాగ్‌పై పిట్ట.

ఈ చిక్కు పెట్టినవాడు లూయిస్ కరోల్. ‘ఆలిస్’ కథలు రాసిన ఆయనే. అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్, ఆక్స్‌ఫర్డ్‌లో క్రైస్ట్ చర్చ్ కాలేజీ లెక్కల మేష్టారు. 1880ల మొదట్లో ‘మిష్‌మాష్’ అని ఇద్దరాడే ఆట ఒకటి కట్టాడు. కుర్రతనంలో ఇంట్లోవాళ్ల కోసం చేతిరాతతో నడిపిన పత్రిక పేరే దీనికీ పెట్టాడు. ఒకరు రెండో అంతకన్నా ఎక్కువో అక్షరాల ముద్ద ఇవ్వాలి, రెండోవారు ఆ ముద్దను కడుపులో దాచుకున్న మాట చెప్పాలి. ఈ, ఎం, ఓ ఇస్తే లెమన్. ఐ, ఎం, ఎస్, ఈ ఇస్తే హిమ్‌సెల్ఫ్. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు చెల్లవు. మాట నలుగురిలో వాడుకలో ఉన్నదై ఉండాలి. ఇచ్చినవాడి మనసులో ఉన్న మాటే చెప్పాలని లేదు. అసలు అలాంటి మాట ఒకటుందో లేదో తెలియకుండానే ముద్ద విసరొచ్చు కూడా! ఈ చివరి నియమంలోనే మేష్టారి కొంటెతనమంతా ఉంది. ‘అలాంటి మాటే లేదు’ అని తేల్చడం కూడా ఆటలో భాగమైపోయింది. ఉందని చూపడం ఎంత పనో, లేదని తేల్చడం అంతకు రెట్టింపు పని. లెక్కల మనిషి కదా.

కాసేపు ఆడితే ఒక కిటుకు పట్టుబడుతుంది. పొసగని అక్షరాలు పక్కపక్కన కనిపించాయంటే, చాలాసార్లు అక్కడొక అతుకు ఉన్నట్టే. మాగ్‌పైలో మాగ్ అంటే మార్గరెట్ అనే ఆడపేరుకు ముద్దుపేరు, పై అంటే ఆ పిట్ట పాత పేరు. రెండూ కుట్టిన చోట జీ, పీ ఎదురుపడ్డాయి. హెచ్, క్యూ ఇచ్చి చూడండి, జుట్టు పీక్కుంటారు. ఎర్త్‌క్వేక్! హెచ్ తకారంలో కరిగిపోయి విడిగా వినపడదు, అందుకే చెవి మోసపోతుంది, కన్నొక్కటే పట్టుకోగలదు. మన భాషల్లో అతుకు పడితే సంధి జరిగి గీత చెరిగిపోతుంది. రాముడు, అతడు కలిస్తే రాముడతడు అయి మధ్య ఉకారం మాయం. ఇంగ్లీషు రాతలో కుట్టు అలాగే మిగిలిపోతుంది. ఈ ఆటను తెలుగులోకి తెద్దామని నేనూ ప్రయత్నించాను. ఒత్తులు, గుణింతాల దగ్గర అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తేల్చుకునేసరికే కాఫీ చల్లారింది.

కరోల్ అక్కడితో ఆగలేదు. 1891లో ‘ది లేడీ’ పత్రికలో ‘సిజిజీస్’ అనే ఆట మొదలుపెట్టాడు. రెండు మాటలకు ఉమ్మడిగా ఉండే వరస అక్షరాలే వంతెన. వాల్రస్‌ను కార్పెంటర్ దాకా నడిపించమంటాడు. వాల్రస్ చివరి ఆర్, యు, ఎస్ పట్టుకుని పెరూజ్‌లోకి, అందులోని పీ, ఈ, ఆర్ పట్టుకుని హార్పర్‌లోకి, అందులోని ఏ, ఆర్, పీ, ఈ పట్టుకుని కార్పెంటర్‌లోకి. నాలుగు మాటల్లో పని పూర్తి.

అట్లాంటిక్ అవతల అమెరికాలో జేమ్స్ థర్బర్ అనే హాస్యరచయితకూ ఇదే పిచ్చి. చిన్నప్పుడు అన్న వేసిన బాణం తగిలి ఒక కన్ను పోయింది. పెద్దయ్యాక రెండోదీ మసకబారుతూ వచ్చింది. చూపు తగ్గిన మనిషికి చీకట్లో పడుకుని తలలోనే ఆడుకునే ఆట దొరికింది, అదే సూపర్‌ఘోస్ట్. ఒక్కొక్కరూ ఒక్కో అక్షరం ముందో వెనకో అతికిస్తూ పోవాలి, మాట పూర్తిచేసినవాడు ఓడినట్టు. 1951లో ‘న్యూయార్కర్’లో దీనిమీద ఒక వ్యాసమే రాశాడు. ఎస్, జీ, ఆర్, ఏ అనే ముద్దకు డిస్‌గ్రేస్ లాంటి మాటలు ఉండనే ఉన్నాయి. అవి చాలక కిస్‌గ్రానీ వంటి లేని మాటలు పుట్టించి, వాటికి నిఘంటువు ఫక్కీలో అర్థాలు కూడా రాసిపెట్టాడు.

వేటగాళ్లు సరదాకి చేసిన పనిని నిఘంటువులవాళ్లు కూలిపనిలా చేశారు. మసాచుసెట్స్‌లోని మెరియమ్-వెబ్‌స్టర్ సంస్థలో టైపిస్టులు కొన్ని దశాబ్దాలపాటు మాటలను తలకిందులుగా, చివరి అక్షరం నుంచి మొదటికి, కార్డులమీద కొట్టారు. దాదాపు 3,15,000 కార్డులు! ఒకే తోకతో ముగిసే మాటలన్నీ ఒక్కచోట చేరడానికి ఇంత అవస్థ. అంతా అయ్యాక తోక దొరికింది గానీ నడుము దొరకలేదు.

నడుము పట్టింది కంప్యూటరే. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్ రాసిన ‘గ్రెప్’ అనే చిన్న ప్రోగ్రాముకు అక్షరాలు ఇస్తే, అవి ఏ మూల నక్కినా లాక్కొస్తుంది. 1934 నాటి వెబ్‌స్టర్ నిఘంటువు నుంచి తీసిన 2,34,936 మాటల జాబితా ఎన్నో యునిక్స్ యంత్రాల్లో ఉండేది. జీ, పీ అని అడిగితే మాగ్‌పైతో పాటు బ్యాగ్‌పైప్, పిగ్‌పెన్, కింగ్‌పిన్ కూడా రెప్పపాటులో వరసకడతాయి. వాటి వెనకే ఎవరూ ఎప్పుడూ పలకని మాటలు కూడా వస్తాయి. నలుగురిలో చెల్లే మాట ఏదో గ్రెప్‌కు తెలియదు, అది మనమే తేల్చుకోవాలి.

వై, జడ్, వై ఇచ్చి చూడండి. వచ్చేది సిజిజీ, కరోల్ తన రెండో ఆటకు పెట్టుకున్న పేరే. ఖగోళశాస్త్రవేత్తల, గణితజ్ఞుల నోట తప్ప దాదాపు ఎవరి నోటా వినపడని మాట. మిష్‌మాష్‌లో ఆయన ఎదురుగా కూర్చుని ఎవరైనా దీన్ని చెప్పి ఉంటే, తన నియమం ప్రకారం మేష్టారు కొట్టేయాల్సి వచ్చేది.