బెంగళూరు శివారు తోట ఇళ్ళ రక్షణ, చట్ట పరిమితులు

బెంగళూరు చుట్టుపక్కల పల్లెల్లో, నగరంలో కాపురముండేవారు సెలవుల కోసమో తోటల పర్యవేక్షణ కోసమో కట్టుకొని, ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉంచే ఇళ్ళను తోట ఇళ్ళని, వాడుకలో ఫాంహౌస్‌లని అంటారు. ఇరుగుపొరుగు లేకపోవడం, చీకటిపడితే దారిలో జనసంచారం ఉండకపోవడం, పోలీసు స్టేషను దూరంగా ఉండటం వల్ల ఇక్కడ దొంగకు దొరికే వ్యవధి ఎక్కువ. చోరీ జరిగిందన్న సంగతి యజమానికి తెలియడానికి పట్టే కాలం అంతకంటే ఎక్కువ. ఈ ఒంటరితనమే కొందరిని కంచెకు కరెంటు పెట్టడం వంటి ప్రమాదకరమైన ఉపాయాలకు పురికొల్పుతుంది. భారత శిక్షా స్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆస్తిని కాపాడుకొనే హక్కును ప్రతి వ్యక్తికీ ఇస్తూనే, ఆ హక్కు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో, ఎంతవరకు హాని చేయవచ్చో నిర్దేశించింది. మనిషే లేని ఇంట్లో ఆ హక్కును వినియోగించేది ఎవరన్నది తోట ఇళ్ళ విషయంలో అన్నిటికంటే చిక్కైన ప్రశ్న.

విస్తరణ

కనకపుర, మాగడి, నెలమంగల, దొడ్డబళ్ళాపుర దారుల వెంట తోట ఇళ్ళు చాలాకాలంగా ఉన్నవే అయినా, 2008లో దేవనహళ్ళి వద్ద కొత్త విమానాశ్రయం మొదలైన తరువాత నంది కొండల వైపు అవి దట్టంగా పెరిగాయి. వ్యవసాయదారులు కానివారు సాగుభూమి కొనకుండా అడ్డుపడిన 79ఎ, 79బి సెక్షన్లను కర్ణాటక భూసంస్కరణల చట్టం నుంచి 2020 సవరణ తొలగించడంతో నగర ఉద్యోగులు నేరుగా పొలాలు కొనే వీలు కలిగింది. తెలుగువారు ఎక్కువగా నివసించే చిక్కబళ్ళాపుర, గౌరిబిదనూరు, బాగేపల్లి ప్రాంతాలు ఈ వృత్తంలోనివే. మరికొందరు రాష్ట్ర సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌లోని హిందూపురం వైపు, తమిళనాడులోని హోసూరు వైపు భూములు కొన్నారు. యజమాని ఒక రాష్ట్రంలోను, ఇల్లు మరొక రాష్ట్రంలోను ఉండటం వల్ల కలిగే ఇబ్బంది చోరీ జరిగిన నాడు గాని తెలియదు.

చోరీల స్వభావం

తోట ఇంట్లో నగలు, నగదు సాధారణంగా ఉండవు కనుక దొంగల చూపు ఎక్కువగా ఇంటి వెలుపలి సామగ్రి మీద ఉంటుంది. బోరు మోటారుకు వెళ్ళే కేబుల్‌ను కోసి, పైతొడుగు కాల్చి, లోపలి రాగిని తూకానికి అమ్ముకోవడం అన్నిటికంటే మామూలు పద్ధతి. స్టార్టర్ పెట్టెలు, డ్రిప్ పైపులు, సౌర ఫలకాలు, గ్యాస్ సిలిండర్లు ఆ తరువాతి వరుసలో వస్తాయి. శ్రీగంధం చెట్లున్న తోటల సంగతి వేరు. కర్ణాటక అటవీ చట్టానికి 2001లో చేసిన సవరణ వల్ల ఆ రాష్ట్రంలో పట్టాభూమిలోని గంధపుచెట్టు మీద హక్కు భూయజమానికే దక్కింది గాని, దానితోపాటు పదేళ్ళకు పైగా ఆ చెట్టును కాపాడుకొనే భారమూ అతని మీదనే పడింది. చేవ పట్టిన చెట్టును రాత్రికి రాత్రే రంపంతో కోసి మోసుకుపోయే ముఠాల బెడద తట్టుకోలేక, లాభసాటి అని తెలిసినా గంధం నాటడానికి వెనుకాడే రైతులున్నారు.

మనుషుల ప్రాణాలు తీసే దోపిడీలు అరుదైనా, వాటి జ్ఞాపకం ఈ ప్రాంతంలో బలంగా ఉంది. హోసకోటె దగ్గరి గ్రామం పేరుతో ప్రసిద్ధికెక్కిన దండుపాళ్య ముఠా 1990ల చివరి భాగంలో చేసిన హత్యలు, దోపిడీలు ఒంటరి ఇళ్ళవారిని వణికించాయి. ఆ ముఠా కథతో 2012లో వచ్చిన కన్నడ చిత్రం తెలుగులోకి కూడా రావడంతో ఆ భయం తెలుగునాట కూడా పాకింది. కేబుల్ కోసే చిల్లర దొంగను చూసినా దండుపాళ్య ముఠాయే వచ్చిందనుకొనే స్వభావం తోట ఇళ్ళ యజమానులు చేసే కొన్ని తప్పులకు మూలమని చెప్పవచ్చు.

కాపలా, కంచె

ఖాళీ ఇంటికి రక్షణ ప్రధానంగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది: దొంగ పనిని ఆలస్యం చేయడం, అతడు వచ్చిన సంగతి ఎవరికో ఒకరికి వెంటనే తెలిసేలా చూడటం. రాతి కూసాలకు బిగించిన ముళ్ళతీగ పశువులను ఆపుతుందే గాని మనిషిని ఆపలేదు. దాని వెంబడి దట్టంగా పెంచిన కిత్తనార, కాగితపు పూల తీగ అంతకంటే మెరుగు. తలుపుకు బయట వేలాడే తాళం ఇల్లు ఖాళీ అని చాటి చెబుతుంది కనుక తలుపులోనే ఇమిడిన తాళం మేలు. స్టార్టర్‌ను ఇనుప పెట్టెలో ఉంచి, కేబుల్‌ను లోతుగా పూడ్చి పైన బండలు పరిస్తే, దొంగతనం అసాధ్యం కాకపోయినా చప్పుడుతోను శ్రమతోను కూడిన పని అవుతుంది.

ఎన్ని పరికరాలున్నా తోటలో కాపురమున్న కాపలా కుటుంబానికి సాటిరావు. రాయచూరు, యాదగిరి, రాయలసీమ, నేపాల్ ప్రాంతాల నుంచి వచ్చిన దంపతులను పెట్టుకోవడం బెంగళూరు చుట్టూ రివాజు. వారి గుర్తింపు పత్రాలను స్థానిక స్టేషనులో ఇచ్చి పరిశీలన చేయించాలని పోలీసులు కోరుతుంటారు. ఏజెన్సీ ద్వారా కాపలాదారును తీసుకుంటే ఆ ఏజెన్సీకి 2005 నాటి ప్రైవేటు భద్రతా ఏజెన్సీల నియంత్రణ చట్టం కింద లైసెన్సు ఉండాలి. పరిశీలన పేరుతో సంచార కులాలవారినో పొరుగు రాష్ట్రాలవారినో పుట్టుకతోనే అనుమానితులుగా చూడటం మాత్రం 1871 నాటి నేరస్థ తెగల చట్టపు బుద్ధి. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది కాలానికే ఆ చట్టం రద్దయినా బుద్ధి పూర్తిగా రద్దు కాలేదు.

కుక్కల విషయంలో, బాగల్‌కోటె జిల్లాకు చెందిన ముధోళ జాతి ఈ వాతావరణానికి తగినదని పేరు. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి న్యాయ సంహితలోని 291వ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు విధిస్తుంది. గొలుసు లేని కుక్క దారిన పోయే బడిపిల్లను కరిస్తే, దొంగల కోసమే పెంచామన్న సమాధానం యజమానిని ఆదుకోదు.

ఆత్మరక్షణ హక్కు

న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును వివరిస్తాయి. దొంగతనం, దోపిడీ, ఆస్తి విధ్వంసం, నేరపూరిత అతిక్రమ ప్రవేశం (నేరం చేసే, బెదిరించే లేదా వేధించే ఉద్దేశంతో ఇతరుల స్థలంలోకి చొరబడటం) అనే నాలుగు రకాల నేరాల నుంచి, వాటి ప్రయత్నాల నుంచి ఆస్తిని కాపాడుకోవచ్చునని 35వ సెక్షన్ చెబుతుంది. ఆస్తి తనదే కానక్కరలేదు, ఇతరులదైనా కావచ్చు. కాబట్టి యజమాని ఊళ్ళో లేనప్పుడు కాపలాదారుకు కూడా ఈ హక్కు వర్తిస్తుంది. అయితే 37వ సెక్షన్ దీనికి రెండు కళ్ళాలు వేసింది: ప్రభుత్వాధికారుల సాయం పొందే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదు, హక్కు ఉన్నప్పుడు కూడా రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదు.

ఆస్తి రక్షణలో ప్రాణం తీయడం దాకా వెళ్ళగల సందర్భాలను 41వ సెక్షన్ పరిమితం చేసింది. అవి దోపిడీ, సూర్యాస్తమయానికి, సూర్యోదయానికి మధ్య జరిగే గృహభేదనం, మనుషులు నివసించే లేదా సామాను భద్రపరచే కట్టడానికి నిప్పుపెట్టడం, చావో తీవ్రగాయమో తప్పదని సహేతుకంగా భయపడవలసిన పరిస్థితుల్లో జరిగే దొంగతనం, విధ్వంసం, గృహ ప్రవేశం. మిగిలిన దొంగతనాల్లో 42వ సెక్షన్ ప్రకారం చావు మినహా మరే హానికైనా అనుమతి ఉంది, అదీ అవసరమైన మేరకే. గృహభేదనమంటే కన్నం వేయడం, గోడ దూకడం, తాళం తెరవడం వంటి మార్గాల్లో ఇంట్లో చొరబడటం. పారేసుకున్న తాళంచెవి దొరికించుకొని దానితో తలుపు తీసినా అది గృహభేదనమే.

తోట ఇళ్ళకు సంబంధించినంతవరకు ఈ విభజన ఫలితం ఆసక్తికరమైనది. అర్ధరాత్రి ఇంటి తాళం పగలగొట్టేవాడిదీ, అదే వేళ పొలంలో బోరు కేబుల్‌నో గంధపుచెట్టునో కోసేవాడిదీ సామాన్యుడి దృష్టిలో ఒకే నేరం. చట్టం దృష్టిలో మొదటివాడు 41వ సెక్షన్ పరిధిలోకి వస్తాడు; రెండోవాడు కట్టడంలో అడుగుపెట్టలేదు కనుక, ఆయుధంతో ఎదురుతిరగనంతవరకు సాధారణ దొంగ మాత్రమే. లక్షల విలువ చేసే చెట్టును కోసినవాడి మీద కంటే పాత కుర్చీలున్న గదిలో దూరినవాడి మీద ఎక్కువ బలం వాడవచ్చుననడం వింతగా కనిపిస్తుంది గాని, చట్టం తూచేది వస్తువు ధరను కాదు, చీకట్లో ఇంట్లో చొరబడినవాడి వల్ల లోపలి మనుషులకు కలగగల ముప్పును. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ ముప్పు ఎంత అన్న ప్రశ్న 37వ సెక్షన్‌లోని ‘అవసరమైనంత’ అన్న కొలత ద్వారా మళ్ళీ ముందుకు వస్తుంది.

హక్కు ముగిసే ఘడియ కూడా ముఖ్యమే. 43వ సెక్షన్ ప్రకారం రాత్రి గృహభేదనం విషయంలో చొరబాటు కొనసాగినంతసేపే ఈ హక్కు ఉంటుంది. గోడ దూకి పారిపోతున్నవాడి వెన్ను మీద తుపాకీ పేల్చడం రక్షణ కిందికి రాదు. ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవాడే తుపాకీ పట్టాలి కాబట్టి, యజమాని తన తుపాకీని కాపలాదారు చేతికి ఊరకే అప్పగించడం కూడా నేరానికి దారితీస్తుంది.

ఉచ్చులు, కరెంటు తీగలు

ఈ అంశంలో భారతదేశంలో ప్రామాణికమైన తీర్పు చెరుబిన్ గ్రెగొరీ కేసులో సుప్రీంకోర్టు 1963లో ఇచ్చింది. బిహార్‌కు చెందిన నిందితుడు, పొరుగువారు తన మరుగుదొడ్డి వాడకుండా ఆపడానికి దానికి వెళ్ళే దారిలో తొడుగులేని రాగితీగ కట్టి కరెంటు పారించాడు. హెచ్చరిక ఏదీ పెట్టలేదు. ఆ తీగ తగిలి ఒక మహిళ మరణించింది. ఆమె అనుమతి లేకుండా వచ్చినదే అయినా, అతిక్రమించి వచ్చేవారికి కావాలని హాని కలిగించే ఏర్పాటు చేసే హక్కు స్థలయజమానికి లేదని, ఆత్మరక్షణ వాదన ఇక్కడ చెల్లదని కోర్టు తేల్చి, నిర్లక్ష్యం వల్ల మరణం కలిగించిన నేరానికి వేసిన శిక్షను ఖాయం చేసింది. ఆ నేరం ఇప్పుడు న్యాయ సంహిత 106వ సెక్షన్ కిందికి వస్తుంది. శిక్ష గరిష్ఠంగా ఐదేళ్ళు. చావు తప్పదని తెలిసే తీగ కట్టినట్లు రుజువైతే ఇంతకంటే బరువైన నేరారోపణ కూడా రావచ్చు.

ఇతర దేశాల న్యాయమూ ఇదే దారిన నడిచింది. తగిలితే వాటంతటవే పేలే తుపాకులను ఇంగ్లండు 1827లో చట్టం చేసి చాలావరకు నిషేధించింది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో బ్రైనీ దంపతులు తరచు చోరీలు జరిగే తమ పాడుబడ్డ పల్లె ఇంటి పడకగదిలో తలుపుకు తుపాకీ కట్టి ఉంచగా, పాత సీసాలు ఏరుకోవడానికి చొరబడిన కాట్కో అనే వ్యక్తి కాలు ఛిద్రమైంది. 1971లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అతనికి 30,000 డాలర్ల పరిహారాన్ని సమర్థించింది. ఈ తీర్పులన్నిటి వెనుక ఉన్న తర్కం ఒక్కటే: ఎదుట ఉన్నది ఆయుధం పట్టిన దోపిడీదారో, తప్పిపోయిన పిల్లవాడో, మంటలార్పడానికి వచ్చిన సిబ్బందో, మీటరు చూడవచ్చిన విద్యుత్ ఉద్యోగో తేల్చుకొని చేయి ఆపుకొనే శక్తి తీగకు లేదు. స్వయంగా ఉండి ఉంటే చేయగూడని హానిని, లేనప్పుడు యంత్రం చేత చేయించడానికి వీలులేదు.

అమ్మకానికి దొరికే సౌర కంచెలు వేరు. వాటిలోని ఎనర్జైజర్ అనే పరికరం దాదాపు సెకనుకొకసారి, సెకనులో అతి స్వల్ప భాగంపాటు మాత్రమే విద్యుత్‌ను వదులుతుంది. షాక్ గట్టిగా తగిలినా పట్టి ఉంచదు. ప్రమాణాలకు లోబడిన పరికరాన్ని హెచ్చరిక పలకలతో అమర్చడం ఒకటి, బెస్కాం (బెంగళూరు విద్యుత్ సరఫరా సంస్థ) లైను నుంచి నేరుగా తీగ లాగి కంచెకు తగిలించడం మరొకటి. బన్నేరుఘట్ట, కనకపుర అడవి అంచుల్లో ఇలా కట్టిన తీగలకు ఏనుగులు కూడా బలి కావచ్చు. అప్పుడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది.

పట్టుబడిన దొంగ

తన సమక్షంలో పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోదగిన, బెయిలు హక్కుగా రాని నేరం చేసినవాణ్ణి పౌరుడు కూడా పట్టుకోవచ్చునని, నేరవిచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ అనుమతిస్తుంది; అయితే అనవసరపు జాప్యం లేకుండా, ఆరు గంటలు దాటకుండా పోలీసులకు అప్పగించాలి. ఊరికే తోటలోకి వచ్చినవాడి అతిక్రమణ బెయిలు దొరికే నేరం కనుక అతణ్ణి చెట్టుకు కట్టేస్తే, కట్టేసినవారే అక్రమ నిర్బంధం కేసులో ఇరుక్కుంటారు. కొట్టడం మరీ ప్రమాదం. 2018 మేలో బెంగళూరు నడిబొడ్డున చామరాజపేటలో, పిల్లలను ఎత్తుకుపోయేవాడన్న వదంతితో ఒక వలస కార్మికుణ్ణి గుంపు కట్టి కొట్టి చంపింది. పుట్టిన చోటు, భాష, కులం వంటి కారణాలతో ఐదుగురు లేక అంతకంటే ఎక్కువమంది కలిసి చేసే హత్యకు ఇప్పుడు న్యాయ సంహిత 103వ సెక్షన్‌లో ప్రత్యేకంగా మరణశిక్ష లేదా యావజ్జీవం ఉంది.

కెమెరాలు, ఫిర్యాదు, బీమా

బ్రాడ్‌బ్యాండ్ లేని తోటల్లో సిమ్‌కార్డుతో, సౌరశక్తితో నడిచే కెమెరాలు వచ్చాయి. దృశ్యాలు కార్డులోనే ఉంటే దొంగ కెమెరాతో సహా పట్టుకుపోతాడు కనుక, దూరాన ఉన్న సర్వరులో నిల్వయ్యే ఏర్పాటు ఉండాలి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ళ పర్యవేక్షణకు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఊరు వెళ్ళేవారు యాప్‌లో కోరితే ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా అమర్చి, అలికిడి కాగానే కంట్రోల్ రూముకు తెలిసేలా చూస్తారు. కాపలా కుటుంబపు గది వైపో స్నానాల చోటు వైపో కెమెరా తిప్పితే మాత్రం యజమాని మీదనే న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద కేసు పడవచ్చు. కెమెరా దృశ్యం కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం జతచేయాలి.

చోరీ తెలిసిన వెంటనే 112కు ఫోను చేయవచ్చు. ఇల్లు హోసూరులోనో హిందూపురంలోనో ఉన్నా, యజమాని బెంగళూరులోని ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో నిమిత్తం లేకుండా నమోదు చేసి, తరువాత సంబంధిత స్టేషనుకు పంపే ఫిర్యాదు) ఇవ్వవచ్చునని సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతుంది. రాత్రి గృహభేదనం చేసి దొంగతనానికి దిగినవారికి న్యాయ సంహిత 331వ సెక్షన్ 14 ఏళ్ళ వరకు జైలు విధించగలదు. బీమా సంస్థల లెక్క వేరు. చాలా పాలసీలు బలప్రయోగంతో జరిగిన చొరబాటునే చోరీగా గుర్తిస్తాయి, ఇల్లు ఎక్కువ కాలం ఖాళీగా ఉంటే షరతులు పెడతాయి. పాలసీలో రాసిన నిర్వచనానికే కట్టుబడాలని హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు 2004లో బీమా సంస్థ పక్షాన తీర్పు చెప్పింది. అందువల్ల విరిగిన తాళాన్ని, వంచిన కిటికీ ఊచలను పోలీసుల పంచనామా, బీమా సర్వేయరు పరిశీలన పూర్తయ్యేదాకా మార్చకుండా ఉంచవలసి ఉంటుంది.