తారు రోడ్లు లేవు, వీధి దీపాలు లేవు.. అయినా టూరిస్టులు ఎగబడే బ్రెజిల్ బీచ్ టౌన్! అక్కడ ఏమేం చూడాలంటే..

రాత్రయితే వీధి దీపాలు వెలగవు. ఊళ్లో తారు రోడ్డు కనిపించదు. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడుస్తూనే హోటల్‌కైనా, షాపింగ్‌కైనా వెళ్లాలి. ఇదేదో మారుమూల పల్లె అనుకుంటే పొరపాటే. విదేశాల నుంచి కూడా టూరిస్టులు వెతుక్కుంటూ వచ్చే ఈ ఊరి పేరు జెరికొవాక్వారా. ముద్దుగా ‘జెరి’ అంటారు. అయితే ఈ ఊరికి పేరు తెచ్చిన ఇసుక దిబ్బే ఇప్పుడు కరిగిపోతోంది. ఎందుకో, అక్కడ ఇంకా ఏమేం ఉన్నాయో చూడండి.

ఎక్కడుంది? ఎలా వెళ్లాలి?

బ్రెజిల్ ఈశాన్యంలోని సియారా రాష్ట్రంలో, రాజధాని ఫోర్టలేజాకు పశ్చిమంగా దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. బస్సులో వెళ్తే జిజోకా పట్టణం దాకానే మంచి రోడ్డు. అక్కడి నుంచి ఇసుక మీద నడిచే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లే దిక్కు. సొంత కారైతే ఊరి బయట పార్కింగ్‌లో పెట్టేయాల్సిందే. ఒకప్పుడు ఇది చేపలు పట్టుకునే చిన్న పల్లె. ఊరికి కరెంటు వచ్చిందే 1990ల చివర్లో. చుట్టుపక్కల ప్రాంతాన్ని 2002లో జాతీయ పార్కుగా ప్రకటించారు.

కరిగిపోతున్న సూర్యాస్తమయ దిబ్బ

విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు కదా. బ్రెజిల్ తీరం కూడా చాలావరకు తూర్పు వైపే ఉండటంతో అక్కడా అంతే. సముద్రంలోకి దిగే సూర్యుణ్ని చూసే ఛాన్స్ ఆ దేశంలో తక్కువ చోట్లే దొరుకుతుంది. జెరి వాటిలో ఒకటి. అందుకే సాయంత్రం కాగానే జనమంతా ఊరి పక్కనున్న ‘సన్‌సెట్ దిబ్బ’ వైపు నడుస్తారు.

ఒకప్పుడు పదుల మీటర్ల ఎత్తున్న ఈ దిబ్బ ఏటికేడు తగ్గుతూ వచ్చింది. తూర్పు నుంచి వీచే గాలులు ఇసుకను సముద్రం వైపు నెడుతుంటే, అలలు లాక్కెళ్లిపోతున్నాయి. ఇది ప్రకృతి చేసే పనే. కానీ రోజూ వందల మంది ఎక్కి దిగడంతో ఇసుక ఇంకా త్వరగా జారిపోతోంది. సూర్యాస్తమయం బీచ్ నుంచి కూడా అంతే అందంగా కనిపిస్తుంది. కాబట్టి ఫొటో కోసం దిబ్బ ఎక్కాల్సిన పనే లేదు.

మిస్ కాకూడనివి ఇవే..

* పెద్రా ఫురాదా: అలల తాకిడికి మధ్యలో పెద్ద రంధ్రం పడిన రాయి. ఊరి నుంచి దాదాపు 3 కిలోమీటర్ల నడక. బీచ్ వెంట వెళ్లాలంటే సముద్రం పోటు మీద లేని టైమ్ చూసుకోవాలి. జులైలో అస్తమించే సూర్యుడు సరిగ్గా ఆ రంధ్రంలోంచి కనిపిస్తాడు.

* పారయిజో సరస్సు: వాన నీటితో నిండే మంచినీటి సరస్సు. నీళ్లలోనే ఊయలలు కట్టి ఉంటాయి. పడుకుంటే చల్లని నీరు వీపుకు తగులుతుంది.

* గురియూ: మడ అడవుల మధ్య పడవ ప్రయాణం. ఇక్కడ సముద్రపు గుర్రాలను దగ్గర్నుంచి చూడొచ్చు.

* తతజూబా: గురియూ దాటాక వచ్చే ఊరు. పాత తతజూబాను ఇసుక దిబ్బలు కప్పేయడంతో జనం వేరే చోటికి వెళ్లి కొత్త ఊరు కట్టుకున్నారు. జెరిలో దిబ్బ పోతోందని బాధ. ఇక్కడ అదే ఇసుక ఊరినే మింగేసింది!

* ప్రెయా బీచ్: గాలిపటం లాంటి తెరచాప పట్టుకుని అలల మీద దూసుకెళ్లే కైట్ సర్ఫింగ్‌కు ఫేమస్. నేర్పించే స్కూళ్లు కూడా ఉన్నాయి.

ఏం తినాలి?

చేపలు, రొయ్యలు తాజాగా దొరుకుతాయి. అనాసపండు డొప్పలో వడ్డించే రొయ్యల కూర ఇక్కడ స్పెషల్. పొద్దున టిఫిన్‌కు టాపియోకా అట్టు ట్రై చేయొచ్చు. మన సగ్గుబియ్యం తయారయ్యే కర్రపెండలం పిండితోనే దీన్ని వేస్తారు. ఆ దుంప పుట్టిల్లు కూడా దక్షిణ అమెరికానే.

ఎప్పుడు వెళ్తే బెటర్?

ఫిబ్రవరి నుంచి మే వరకు వానలు ఎక్కువ. జులై, ఆగస్టు నెలల్లో సరస్సులు నిండుగా, ఆకాశం తేటగా ఉంటుంది. కైట్ సర్ఫింగ్ కోసమైతే గాలి బాగా వీచే ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా మంచి సీజన్.

మనవాళ్లు ఇది మర్చిపోవద్దు!

భారత పాస్‌పోర్ట్ ఉన్నవారికి బ్రెజిల్ వీసా తప్పనిసరి. అంతకంటే ముఖ్యం ఎల్లో ఫీవర్ టీకా. బ్రెజిల్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఈ సర్టిఫికెట్ లేకపోతే ఇక్కడి ఎయిర్‌పోర్టులోనే ఆపి క్వారంటైన్‌కు పంపే అవకాశం ఉంది. ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలో, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే టీకా వేయించుకోవాలి. జెరిలో అడుగుపెట్టే టూరిస్టులు పర్యాటక రుసుము కూడా కట్టాలి. రాత్రిపూట నడవడానికి చిన్న టార్చ్ దగ్గరుంచుకుంటే మంచిది. అయితే వీధి దీపాలు లేని ఆ చీకట్లో ఒక్కసారి టార్చ్ ఆపి తల పైకెత్తి చూడండి. ఆకాశం నిండా నక్షత్రాలే!